పై మంట, కింద మంట

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫ్యాను కింద కూర్చుంటే దాని గడగడలో నా మాట సగం కొట్టుకుపోతుంది. ఇది గట్టుకిందపాలెంలో జరిగిన సంగతి. ఇబ్రహీంపట్నం దాటి, కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు వెనక్కి పడ్డాక, కొండను ఆనుకుని ఉంటుంది ఆ ఊరు. ఊరు చివర సీతారావమ్మ ఇల్లు. ఆ ఇంటి వెనక కరెంటు ఫ్యాక్టరీ బూడిద లారీలు తిరిగే రోడ్డు, రోడ్డు దాటితే పశువుల పాక, పాక వెనక గడ్డివామి, వామి వెనక వేపచెట్టు, ఆ పైన ఇక కొండే. ఈ వరస గుర్తుపెట్టుకోండి, కథంతా ఈ నాలుగడుగుల చోటులోనే తిరుగుతుంది.

మండు వేసవి, శుక్రవారం. ఆ పొద్దున సీతారావమ్మ అనుకున్న పనులు చాలా చిన్నవి. గేదెల పాలు పితికి కేంద్రంలో పోసి రావాలి, వామిలోంచి గడ్డి లాగి వాటి ముందు వెయ్యాలి, గట్టుతల్లికి పసుపు రాయాలి, తర్వాత ఓ కునుకు తియ్యాలి. ఆమె గేదెల పేర్లు రాణి, కస్తూరి. కునుకు సంగతి తప్ప మిగతావి అన్నీ అయ్యాయి.

వామి గురించి కూడా చెప్పాలి. ఈ రోజుల్లో మంచి వరిగడ్డి దొరకడం మాటలు కాదు. మిషన్లు పెట్టి కోతలు కోసేస్తుంటే గడ్డి నలిగి, నుగ్గయి చేలోనే పోతోంది. చల్లపల్లి దగ్గర ఆమె తమ్ముడు, అక్క గేదెల కోసమని ఓ మడి చేత్తో కోయించి, పొడుగాటి గడ్డి మోపులు కట్టించి ట్రాక్టరు మీద పంపాడు. కొండ మీద పచ్చిక అప్పటికే మాడిపోయింది. తొలకరి పడి మళ్ళీ పచ్చిక మొలిచేదాకా ఆ వామే రాణికీ కస్తూరికీ అన్నం. అది పోతే గేదెలను అమ్ముకోవాలి. గేదెలే పోతే, పొద్దున్నే లేవడానికి సీతారావమ్మకు వేరే కారణం లేదు.

అందుకే వామిని గట్టుతల్లి పక్కన వేయించుకుంది, తల్లి కనుసన్నల్లో ఉంటుందని. గట్టుతల్లి అంటే వేపచెట్టు కింద మోకాలెత్తు రాయి. ఏళ్ళ తరబడి పసుపు మీద పసుపు పూసి దాని అసలు రంగేమిటో ఎవరికీ తెలియకుండా పోయింది.

పాలు పోసి ఇంటికి వచ్చేసరికి సర్పంచి వెంకటప్పయ్య మోటారు సైకిలు వాకిట్లో ఉంది. ఆయన వెనక షామియానా గుంజలు మోసుకుంటూ మనుషులు వస్తున్నారు.

"వదినా, ఇవాళ మీ దొడ్లో మీటింగు," అన్నాడు వెంకటప్పయ్య.

"నా దొడ్లో మీటింగేంటి? నాకో మాట చెప్పొద్దూ?"

"చెప్తున్నాగా ఇప్పుడు."

"దేనికంట మీటింగు?"

"మంటలకి. పోయిన వేసవి గుర్తులేదా?"

గుర్తు లేకేం. పోయిన వేసవిలో కొండ అంటుకున్నప్పుడు ఊరివాళ్ళు అడవి ఆఫీసుకు ఫోను చేస్తే, ఊరి పక్కన కాబట్టి పంచాయతీని అడగమన్నారు. పంచాయతీకి చేస్తే, కొండ మీద కాబట్టి అడవి ఆఫీసును అడగమన్నారు. మంట ఎవరినీ అడక్కుండా తనకు తోచినంత మేర కాలి, తనంతట తనే ఆరింది. అది పేపర్లో పడింది. దాంతో పైనుంచి ఆర్డరు వచ్చింది. ఇద్దరూ కూర్చుని మంటలు పంచుకోండి, ఏ మంట రాష్ట్రానిదో ఏ మంట ఊరిదో తేల్చి సంతకాలు పెట్టండి, పెట్టాక ఆర్పి చూపించండి అని.

"ఆర్పి చూపించడమంటే?" సీతారావమ్మ గొంతు మారింది.

"చిన్న మంట పెడతారు వదినా, వెంటనే ఆర్పేస్తారు. డెమో."

"నా వామి పక్కనా?"

"హద్దు ఇక్కడే కదా. పై మంట అడవి వాళ్ళు, కింద మంట పంచాయతీ. ఆర్పేవాళ్ళు ఇంతమంది వస్తుంటే నీకెందుకు భయం?"

"ఆర్పేదానికి అంటించడం దేనికయ్యా?"

"ఫొటో కావొద్దూ?" అని వెంకటప్పయ్య గుంజలు పాతించడానికి వెళ్ళిపోయాడు.

ఇక ఆమెకు కాలు నిలవలేదు. వామి చుట్టూ ఓ తిరుగుడు, గట్టుతల్లి దగ్గరికి ఓ తిరుగుడు. ఈలోగా అడవి ఆఫీసు జీపు వచ్చింది. అందులోంచి రామకోటేశ్వరరావు గారు దిగారు. ఆ కొండకంతా ఆయనే ఆఫీసరు. ఖాకీ బట్టలు గంజి పెట్టి ఇస్త్రీ చేసినవి, కూర్చుంటే విరుగుతాయేమో అన్నట్టుంటాయి. జీపు వెనక మోపెడు పచ్చటి వేపకొమ్మలు. అడవిలో గడ్డి మంటను నీళ్ళతో కాదు, పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పుతారట. ఆయనతో వచ్చిన అడవి వాచర్లు ఆ కొమ్మలను చెట్టు కింద దించి టీ తాగడానికి వెళ్ళారు.

వాళ్ళ వెనకే పంచాయతీ సెక్రటరీ జ్ఞానేశ్వరి స్కూటీ మీద వచ్చింది. పటమట నుంచి రోజూ వచ్చి పోయే పిల్ల, చురుకైంది. ఆమె వెనక, కింద మంట ఆర్పడానికి నీళ్ళ ట్యాంకరు కట్టిన ట్రాక్టరు. ట్యాంకరును మీటింగు వంటకు పెట్టిన పొయ్యిల పక్కన ఆపించి, సంతకాల కాగితాలు జిరాక్సు తీయించుకు రావడానికి ఆమె ఇబ్రహీంపట్నం వెళ్ళింది.

ఇక్కడే మొదలైంది. పొయ్యిల దగ్గర వెంకటప్పయ్య భార్య శివపార్వతి ఉంది. మీటింగు జనానికి భోజనాలు ఆమె చేతి మీదే. ట్యాంకరు చూసి, పాపం మొగుడికి ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చి వంటకు నీళ్ళు పంపాడనుకుంది. అన్నానికి, పప్పుచారుకు, మజ్జిగకు వాడింది. గిన్నెలు తోమించింది. దుమ్ము లేవకుండా షామియానా కింద కల్లాపి చల్లించింది. మిగిలినవి వృథా చేయడం ఎందుకని రాణి, కస్తూరి తాగే తొట్టి కూడా నింపించింది. అవి నింపినవి నింపినట్టే తాగేశాయి.

అదే సమయానికి శుక్రవారం పూజకు బిందెలతో పసుపునీళ్ళు తెచ్చిన ఆడవాళ్ళు చెట్టు కింద వేపకొమ్మలు చూశారు.

"గవర్నమెంటు వాళ్ళకి కూడా ఎంత భక్తి చూడండే. అమ్మవారికి వేపమండలు తెచ్చారు," అంది ఒకావిడ.

"దించేసి పోతే ఎలా? కట్టాలని తెలీదు పాపం," అని ఇంకొకావిడ జాలిపడింది.

వాళ్ళు ఆ కొమ్మలను షామియానా గుంజలకూ అంచులకూ గట్టిగా మెలిపెట్టి కట్టారు. కట్టిన ముడి చాకు పెట్టినా రాదు. వాచర్లు టీ తాగి వచ్చి, మండపం అందంగా ఉందని మెచ్చుకుని అందులోనే కూర్చున్నారు.

జ్ఞానేశ్వరి కాగితాలతో తిరిగొచ్చాక మీటింగు మొదలైంది. జిల్లా నుంచి రామ్మూర్తి గారనే పెద్దాఫీసరు రావాలి. ఆయన విజయవాడలో ట్రాఫిక్కులో ఇరుక్కున్నానని ఫోను మీద ఫోను. ఈలోగా పంపకాలు కానిద్దామన్నారు.

"రాయి పైన మంట మాది. రాయి కింద మంట మీది," అన్నారు రామకోటేశ్వరరావు గారు గట్టుతల్లిని చూపించి, అడవి హద్దురాయి అదే కాబట్టి.

"సరే సార్. మరి మీ దాంట్లో పుట్టి మా దాంట్లోకి దిగిందనుకోండి?" అంది జ్ఞానేశ్వరి.

"దిగాక మీదే."

"పుట్టించింది మీరైతే మాదెలా అవుద్దండీ?"

"ఎక్కడ కాలితే అక్కడి వాళ్ళదమ్మా. పుట్టిన ఊరు అడుగుతామా మంటని?"

"సరే. మళ్ళీ పైకెక్కితే మాత్రం మీదే. రాసుకోండి."

రాసుకున్నారు. సగం పైన, సగం కింద ఉన్న మంట సంగతేమిటన్నాడు వెంకటప్పయ్య. ఎవరి సగం వాళ్ళు ఆర్పాలని అదీ రాసుకున్నారు. పొగ ఎవరిదన్న దగ్గర మాట పెరిగింది కానీ, పప్పుచారు పోపు వాసన రావడంతో పొగను ఉమ్మడిగా వదిలేశారు. సంతకాలయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు. సీతారావమ్మ మాత్రం కొట్టలేదు. వెళ్ళి వామికి ఆనుకుని నిలబడింది.

రామ్మూర్తి గారు దగ్గరికొచ్చేశారని కబురొచ్చింది. ఆయన దిగేసరికి మంట కనబడాలి కాబట్టి వాచరు వెళ్ళి, రాయికి పైన ఎండుటాకులు కుప్ప చేసి అగ్గిపుల్ల గీశాడు. పిసరంత మంట లేచింది. ఫొటో తీసేవాడు తల అడ్డంగా తిప్పాడు.

"ఎండలో కనపట్లేదు సార్. ఇంకాస్త రావాలి."

ఇంకాస్త ఆకులు వేశారు. ఇంకాస్త వచ్చింది. రామకోటేశ్వరరావు గారు మంట పక్కన నిలబడి చొక్కా సర్దుకున్నారు. సరిగ్గా అప్పుడే కొండ మీది నుంచి వడగాలి ఒకటి తోసుకుంటూ దిగింది. మంట ఆయన బూట్ల పక్కనుంచి జారి, గట్టుతల్లిని చుట్టి, ఎండుగడ్డి పట్టుకుని కిందికి నడిచింది.

రామకోటేశ్వరరావు గారు చొక్కా సర్దుకోవడం పూర్తిచేసి, చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"సెక్రటరీ గారూ, దిగింది. ఇక మీదే."

జ్ఞానేశ్వరి ఒక్క పరుగున ట్యాంకరు దగ్గరికి వెళ్ళి పైపు తిప్పింది. అది చీదింది తప్ప చుక్క రాలలేదు.

"నీళ్ళేవి?"

"నువ్వు తాగబోయే మజ్జిగలో ఉన్నాయమ్మా," అంది శివపార్వతి, ఏం జరిగిందో అప్పుడే అర్థమై.

"సార్, మంట మాదే, కాదనను. నీళ్ళు లేవు. మీ కొమ్మలు ఇప్పించండి."

"అవి పై మంటకి కేటాయించినవమ్మా. కింద మంటకి వాడితే రేపు ఆడిట్లో నేను చెప్పుకోవాలి," అన్నారాయన. అన్నాక, కొమ్మల కోసం చుట్టూ చూశారు. "ఇంతకీ కొమ్మలేవిరా?"

వాచర్లు తల పైకెత్తి షామియానా వంక చూశారు. ఒకడు గుంజ పట్టుకుని ముడి విప్పబోయాడు. పసుపు బిందె పట్టుకున్న ఆవిడ అతని చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"అమ్మవారికి కట్టినవి పీకుతావేరా?"

ఇంతలో గాలి మళ్ళింది. మంట కొంచెం పైకి ఎగబాకింది. జ్ఞానేశ్వరి అరిచింది, "సార్, ఎక్కింది. మీది." ఆయన ఓ అడుగు వేసేలోపు మళ్ళీ దిగింది. "మీది," అన్నారాయన ఆ అడుగు వెనక్కి తీసుకుంటూ. మంట అలా ఇద్దరి మధ్యా తిరుగుతూ, ప్రతి తిరుగుడుకూ ఇంకాస్త వెడల్పయింది. చివరికి దానికే విసుగొచ్చినట్టు తిన్నగా వామి వైపు బయల్దేరింది.

సీతారావమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పాకలో రాణి, కస్తూరి తలుగులు తెంపుకునేలా గింజుకుంటున్నాయి. ఇక మనుషులతో మాట అనవసరం అనుకుని ఆమె గట్టుతల్లి వైపు తిరిగింది.

"తల్లీ, నీకేం తక్కువ చేశానే నేను? ఆ రోడ్డు పక్కన బూడిద లారీల దుమ్ము మొహాన పడుతుంటే చూడలేక, డప్పులు పెట్టించి, నలుగుర్ని పిలిచి నిన్ను పైకి మోయించి ఈ చెట్టు నీడన కూర్చోబెట్టుకున్నానే. ఇదా నువ్వు చేసేది?"

జ్ఞానేశ్వరి గిరుక్కున తిరిగింది. "ఏంటి పిన్నిగారూ? ఈ రాయి ముందు రోడ్డు పక్కన ఉండేదా?"

"ఆ. పాక అవతల."

"సార్," అంది జ్ఞానేశ్వరి, మొహం వెలిగిపోతూ, "హద్దురాయి అసలు జాగా పాక అవతలంట. అంటే ఇదంతా పైనే సార్. మంటా మీదే, వామీ మీదే."

"రాయి ఎక్కడుంటే హద్దు అక్కడే," అన్నారు రామకోటేశ్వరరావు గారు. "ఇందాక సంతకాలయ్యాయి. అయినా ఇది మా రాయేనని ఏంటి గ్యారంటీ?" అని వంగి, చేత్తో పసుపు పెచ్చు గీకబోయారు, కింద అక్షరాలు కనబడతాయేమోనని.

"బూట్లేసుకుని తల్లిని గీకుతాడేంటే ఈయన?" అన్నారు ఆడవాళ్ళు. అందరూ అటు మూగారు. మంట వామి అంచుకు మూరెడు దూరంలో ఉంది, దాన్ని చూస్తున్నది మాత్రం ఒక్క మనిషే.

సీతారావమ్మ కొంగు బిగించింది. పొయ్యి పక్కన ఉన్న మజ్జిగ క్యాను ఎత్తి మంట మీద కుమ్మరించింది. అది చాలకపోతే పప్పుచారు డేగిసా చెవి పట్టుకుంది. శివపార్వతి పరుగెత్తుకొచ్చింది. ఆపడానికనుకున్నారు అందరూ. రెండో చెవి పట్టుకోవడానికి వచ్చింది.

"పోసేద్దాం పట్టక్కా. అన్నంలోకి ఊరగాయ వేసుకుంటార్లే వీళ్ళు," అంది.

పప్పుచారు పడింది. అది చూసి, పూజకు వచ్చిన ఆడవాళ్ళ బిందెల్లో పసుపునీళ్ళూ పడ్డాయి. సీతారావమ్మ, వామి పక్కన వేసిన షామియానా తాళ్ళు తెంపింది. ముడి వీడని కొమ్మలతో సహా ఆ గుడ్డంతా మంట మీద కూలింది. దాని మీద ఆడవాళ్ళంతా ఎక్కి తొక్కారు. కింద ఉన్న వాచర్లు ఎటు పాకి బయటపడ్డారో ఎవరూ చూడలేదు. కాసేపటికి పొగ, ఇంగువ వాసన తప్ప ఏమీ మిగల్లేదు. వామికి ఓ పక్క కొసలు కమిలాయి, అంతే. సీతారావమ్మ వామి మీద చెయ్యి వేసి, అక్కడే చతికిలబడింది.

అప్పుడు వచ్చింది రామ్మూర్తి గారి కారు. ఆయన దిగి, కూలిన షామియానా చూశారు, మజ్జిగతో తడిసిన మనుషులను చూశారు.

"బాగా ఆర్పారే. చాలా సహజంగా ఉంది డెమో. దీన్ని మోడల్‌గా పంపిద్దాం. ఇంతకీ ఆర్పింది ఎవరు?"

చూడండి మరి చిత్రం. రామకోటేశ్వరరావు గారు ముందుకొచ్చి, "మేమే సార్. హద్దు అసలు రోడ్డు పక్కన సార్. ఇదంతా మా పరిధే," అన్నారు. జ్ఞానేశ్వరి ఆయన కంటే ముందుకొచ్చి, "కాదు సార్, రాయి ఎక్కడుంటే హద్దు అక్కడే. సంతకాలయ్యాయి. కింద మాది. మా పంచాయతీ మహిళలే ఆర్పారు," అంది. ఇందాక ఆయన అన్న మాట ఆమె అంటోంది, ఆమె అన్న మాట ఆయన అంటున్నారు. ఒక్క మాట కూడా వృథా పోలేదు.

రామ్మూర్తి గారు తన ఫోనులో మ్యాపు తీశారు. దాన్ని చూసుకుంటూ వేపచెట్టు దాటారు, వామి దాటారు, పాక దాటి రోడ్డు అంచున ఆగారు.

"హద్దు ఇది. దీనికి పైనంతా రిజర్వు ఫారెస్టే. రామకోటేశ్వరరావు గారూ, మీరే కరెక్టు."

రామకోటేశ్వరరావు గారు నవ్వి, చొక్కా సర్దుకున్నారు.

"అయితే రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టింది ఎవరు?" అన్నారు రామ్మూర్తి గారు.

రామకోటేశ్వరరావు గారి నవ్వు అలాగే ఉండిపోయింది గాని, చెయ్యి చొక్కా మీదే ఆగిపోయింది.

"డెమో సార్," అన్నారు మెల్లగా.

"సరే, అది రాసుకుని మాట్లాడదాం. ముందు ఆ గడ్డివామి. ఫారెస్టు లోపల గడ్డివామి ఏంటి? అసలే అగ్గిపెట్టె లాంటిది. వెంటనే తీయించేయండి."

సీతారావమ్మ లేచి ఆయన వెంటపడింది. మంట నుంచి దక్కించుకున్నది ఆర్డరుకు పోయేట్టుంది. "బాబూ, గేదెల తిండి బాబూ అది. పాక చుట్టూ ఎక్కడా ఖాళీ లేదు, ఎక్కడికి మార్చను?" అంది. రామ్మూర్తి గారు అప్పటికే ఫోను మాట్లాడుకుంటూ కారెక్కుతున్నారు.

కారు వెళ్ళాక రామకోటేశ్వరరావు గారు జ్ఞానేశ్వరి వైపు తిరిగారు. "విన్నారుగా. తీయించండి."

"నేనా? ఫారెస్టులో గడ్డిపరక కదపాలన్నా మీ పర్మిషన్ కావాలి సార్. మాకు పవర్స్ ఎక్కడివి?"

"వేసింది మీ ఊరివాళ్ళు. తీయాల్సింది మీరు."

"వేసిన ఊరు అడుగుతామా సార్ వామిని? ఎక్కడుంటే అక్కడి వాళ్ళది."

"లెటర్ పెట్టండి, చూస్తాను."

"మీరు పెట్టండి సార్, మేం రిప్లై ఇస్తాం."

సీతారావమ్మ ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. పొద్దుటి నుంచీ నిలవని కాలు ఆమెకు అప్పుడు నిలిచింది. కొంగుతో మొహం తుడుచుకుని, వాళ్ళిద్దరికీ రెండు కుర్చీలు తెచ్చి వేసింది.

"తొందరేం లేదు బాబూ, నిదానంగా తేల్చుకోండి," అంది.

వాళ్ళు నిదానంగానే తేల్చుకుంటున్నారు. ఉత్తరాలు అటూ ఇటూ నడిచాయి. గట్టుతల్లిని వెనక్కి తీసుకెళ్ళాలంటే జాతర చేయాలన్నారు ఊళ్ళో. ఆ జాతర రాష్ట్రం చేయాలా, ఊరు చేయాలా అని ఇంకో ఫైలు మొదలైంది. ఈలోగా పప్పుచారు పడ్డ వైపు గడ్డిని గేదెలు ముందు తిన్నాయి, తర్వాత మిగతాది. తొలకరి పడి కొండ పచ్చబడే వేళకు అక్కడ వామి లేదు, మట్టి నేల ఉంది.

మీరు ఈ సంగతి ఎవరికైనా చెప్పేటప్పుడు ఆఫీసర్ల పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు గాని, రాణి, కస్తూరి అన్న పేర్లు మాత్రం మరవకుండా చెప్పండి. వామి తీసేయమన్న ఆ ఆర్డరును పూర్తిగా అమలు చేసింది అవే.